మత్తు డాక్టరు దగ్గర గంజాయి మాట దాచకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో అనస్థీషియా వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరికి చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. సిగరెట్టు, మద్యం గురించి అడిగితే సూటిగా చెప్పేవాళ్లు కూడా గంజాయి మాట వచ్చేసరికి పక్కనున్న తండ్రివైపు చూసి తల అడ్డంగా ఊపుతారు. అందుకే ఆ ప్రశ్నకు ముందు బంధువులను కాసేపు బయట కూర్చోమంటున్నాను. జనం మమ్మల్ని పిలిచేదే మత్తు డాక్టరని. ఆ మత్తు సంగతి మా దగ్గరే దాస్తారు!

అపోహ: గంజాయి నొప్పిని చంపుతుంది కనుక, అలవాటున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత బాధ తక్కువ.

వాస్తవం: తరచుగా జరిగేది దీనికి విరుద్ధం. రోజూ వాడేవాళ్లకు నొప్పి ఎక్కువగా ఉండడం, మార్ఫిన్ తరహా మందులు ఎక్కువ మోతాదులో అవసరం కావడం అనేక అధ్యయనాల్లో కనిపించింది. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ, మెదడులో నొప్పిని అదుపు చేయడంలో పాలుపంచుకునే సీబీ1 అనే గ్రాహకాల మీద పనిచేస్తుంది. అది నిత్యం అందుతూ ఉంటే వాటి స్పందన మందగిస్తుంది. దానికి తోడు, ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానేసినవాళ్లకు ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి మొదలై ఆకలి చచ్చిపోతుంది. అలాంటి రోగి రాత్రి రెండింటికి కుట్లు లాగుతున్నాయని గోల పెడితే, అది గాయం బాధో, అలవాటు మానిన బాధో నైట్ డ్యూటీ డాక్టరుకు ఎలా తెలుస్తుంది? నొప్పి మందు పెంచుతాడు, దాంతో వాంతులు, మలబద్ధకం, ఊపిరి మందగించే ప్రమాదం కూడా పెరుగుతాయి. ముందే తెలిస్తే నరాల బ్లాక్ (ఆ భాగపు నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్), పారాసెటమాల్ వంటివి కలిపి ఆ అవసరాన్ని తగ్గించగలం.

అపోహ: చిన్న రంధ్రాలతో చేసే కీహోల్ ఆపరేషన్‌కు గంజాయి సంగతి చెప్పక్కర్లేదు.

వాస్తవం: కోత చిన్నదైతే గాయం నొప్పి తగ్గి రోగి త్వరగా లేచి తిరుగుతాడు, నిజమే. అయితే ల్యాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చేసే కీహోల్ ఆపరేషన్‌లో, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంలో ఉంచుతారు. దానివల్ల ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం ఒత్తిడికి గురై, ఆపరేషన్ పొట్టకే జరిగినా నొప్పి భుజంలో తెలుస్తుంది. సర్జన్ తక్కువ పీడనంతో పని ముగించి, చివర్లో గ్యాస్‌ను వీలైనంతా బయటికి వదిలితే అది తగ్గుతుంది. సర్జన్ నేర్పు ఇంతవరకు వస్తుంది. మత్తు మందు ఎంత పడుతుందన్నది మాత్రం రోగి మెదడు గంజాయికి ఎంత అలవాటు పడిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

అపోహ: భయం పోవడానికి ఆ ఉదయం ఒక దమ్ము పీలిస్తే మంచిదే.

వాస్తవం: గుండె వేగం పెరుగుతుంది, శ్వాసనాళాలు రేగుతాయి. పొగ పీల్చాక కనీసం 2 గంటలైనా ఆపరేషన్ వాయిదా వేయాలని అమెరికా రీజనల్ అనస్థీషియా సంఘం 2023లో సూచించింది, గుండెపోటు ముప్పును దృష్టిలో పెట్టుకుని. రెండు గంటలు దాటితే అంతా క్షేమమని దాని అర్థం కాదు.

అపోహ: శివరాత్రి భంగు గంజాయి కాదు.

వాస్తవం: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి నిర్వచనం భంగుకు వాడే ఆకులను మినహాయించింది గానీ, భంగులోనూ ఉండేది అదే టీహెచ్‌సీ. పైగా తిన్నది నెమ్మదిగా ఎక్కి ఎక్కువ గంటలు నిలుస్తుంది. కాబట్టి పీల్చారా, తిన్నారా, వారానికి ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు అనే నాలుగు ముక్కలు చెప్పండి. రోజూ వాడేవాళ్లయితే ఆ మాట ఆపరేషన్ ముందురోజు దాకా ఆగకుండా, తేదీ ఖరారైన రోజే చెప్పండి.