గొంతు కోసం వచ్చిన జనం, ముఖం కోసం వచ్చిన జనం

బల్లార్షా నుంచి గోండ్‌పిప్రి వైపు వెళ్లే దారిలో దీపావళి దాటిందంటే నాటకాల ఫ్లెక్సీలు వేలాడతాయి. పైసగమంతా టీవీ సీరియల్ నటి ముఖం. కింద తపాలా బిళ్లలంత ఫొటోల్లో కథానాయకుడు, ప్రతినాయకుడు, హాస్యగాడు. అట్టడుగున, బండి ఆపి దిగితే తప్ప కనిపించని అక్షరాల్లో ఆర్గన్ వాయించేవారి పేరు, తబలా వాయించేవారి పేరు. ఇది మహారాష్ట్ర తూర్పు కొసన చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోండియా జిల్లాల ఝాడీపట్టీ రంగభూమి. ఝాడీ అంటే అడవి. వరికోతలయ్యాక మొదలై హోలీ దాకా, రాత్రి పదింటికి తెర లేచి తెల్లవారే దాకా సాగే పాటల నాటకాలివి. గడ్చిరోలి జిల్లా వడసాలో నాటక కంపెనీల ఆఫీసులు వరసగా ఉంటాయి. ఊరి నిర్వాహక మండలివాళ్లు అక్కడికి వెళ్లి నాటకం మాట్లాడుకుని, బయానా ఇచ్చి వస్తారు.

రెండేళ్ల కిందట మా చుట్టాల ఊళ్లో అలాంటి మండలి సమావేశంలో కూర్చున్నాను. సగం మరాఠీ, సగం తెలుగు. రేటు దగ్గర మాట తెగడం లేదు. ఆ నటి వస్తే ఒక ధర, రాకపోతే దానికి చాలా తక్కువ. "ఆమె లేకపోతే టికెట్లు తెగవు కాకా" అన్నాడు కుర్రాడు. "పాడుతుందా?" అని అడిగాడు పెద్దాయన. "పాడదు. వస్తుంది."

పేరున్న నటులను తెచ్చి నాటకాన్ని ఊరూరా తిప్పడం వల్ల రంగస్థలం చెడిపోతోందని ప్రతి చలికాలం ఈ జిల్లాల్లో ఒక వాదన లేస్తుంది. స్థానిక నటులకు మిగిలేది చిల్లరేనని, ఖర్చంతా ఊరి నెత్తిన పడుతోందని బాధపడేవాళ్లు ఉన్నారు. ఆ బాధలో నిజముంది. కానీ స్టార్ వచ్చి నాటకాన్ని పాడుచేశాడనడం మాత్రం చరిత్రకు నిలవదు. మన సంగీత నాటకం పుట్టిందే స్టార్ చుట్టూ. మారింది ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు.

1880 దగ్గర మొదలుపెట్టాలి. ఆ ఏడాది అక్టోబరు 31న పుణెలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ శాకుంతలంలోని మొదటి నాలుగు అంకాలను పాటలతో ఆడించారు. మరాఠీ సంగీత నాటకానికి అదే ఆరంభమని చెప్పుకుంటారు. ఆ సంవత్సరమే ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి హిందీ నాటకాలు ఆడి వెళ్లింది. వాళ్లు వదిలేసి పోయిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు వేయించారు. తెలుగు నాటకానికి పాటలు, రాగంతో పాడే పద్యాలు పట్టించిన ఘనత ఎక్కువగా బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులది. బళ్లారి అంటే మళ్లీ ధార్వాడకు పక్కిల్లే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి కంపెనీ పెట్టిన కుటుంబాలు కూడా మరాఠీ మూలాలున్న ఆరెవాళ్లే. పద్యనాటకం పూర్తిగా మన సొత్తని చెప్పుకునేటప్పుడు ఈ పడమటి గాలిని మరచిపోతుంటాం.

ఈ నాటకాల కథలు జనానికి ముందే తెలుసు. కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, సంధి కుదరదు. అది తెలిసీ రాత్రంతా ఎందుకు కూర్చుంటారు? ఆ పద్యాన్ని ఈ మనిషి ఎలా పాడతాడో వినడానికి. గొంతు ఒక మనిషిది, ఇంకొకరికి అప్పగించేది కాదు. కనుక పాత నాటకాన్ని మళ్లీ ఆడడమంటే, అదే నాటకాన్ని కొత్త గొంతులో వినడమే. పేరున్న నటుడు లేకుండా పునఃప్రదర్శన అనే మాటకే అర్థం లేదు.

ఆ గొంతు ఎంత ఖరీదైనదో చెప్పడానికి మరాఠీ నటుడు బాలగంధర్వను మించిన ఉదాహరణ దొరకదు. అసలు పేరు నారాయణ శ్రీపాద రాజహంస, పుట్టింది 1888లో. స్త్రీ వేషాలు వేసేవారు. 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, 1913లో బయటికి వచ్చి గంధర్వ నాటక మండలి పెట్టారు. 1911లో మానాపమానం నాటకం తొలి ప్రదర్శన నాడే కన్నకూతురు చనిపోయింది. ఆ రాత్రి ఆయన రంగు వేసుకుని కథానాయిక భామిని పాత్ర ఆడారు. 1921 జులై 8న బొంబాయిలో తిలక్ స్వరాజ్య నిధి కోసం ఈ నాటకమే మళ్లీ వేశారు. ఈసారి ఎదుట కథానాయకుడు ప్రత్యర్థి కంపెనీ లలితకళాదర్శ్ యజమాని కేశవరావు భోసలే. ఇద్దరు పోటీదారులను ఒకే రంగస్థలం మీద చూసే అవకాశం కోసం జనం విరగబడ్డారు. ఇప్పటి భాషలో దీన్ని మల్టీస్టారర్ అంటారు. నూరేళ్ల కిందటే మనవాళ్లకు ఆ విద్య తెలుసు.

అయితే ఆ వైభవం మోసింది కంపెనీయే. అసలైన పట్టుచీరలు, నగలు, అత్తరు, సారంగి, ఆర్గన్. బాలగంధర్వ ఖర్చుకు వెనుదీయలేదు. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. స్టారే యజమాని, నష్టం కూడా ఆయనదే.

మన వైపు ఆయనకు సాటి చెప్పాలంటే తెనాలి రామవిలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావు. సత్యభామ వేషంలో 'మీరజాలగలడా' అని ఆయన అందుకుంటే పందిరి ఊగిపోయేది. ఆ పాట నాటక కర్తది కాదు, ఆయన సొంతంగా రాసుకున్నది. నటుడు తన పాట తానే రాసుకుని నాటకంలో చేర్చుకుంటే జనం అదే నాటకమని స్థిరపరచేశారు. హరిశ్చంద్రలో జాషువా శ్మశాన పద్యాలు కూడా ఇలాగే వచ్చి చేరాయి. రాసినవాడికన్నా పాడేవాడిది పైచేయి అయిన రంగం ఇది.

1931, 1932 సంవత్సరాల్లో టాకీలు వచ్చాక కంపెనీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. గొంతులు మిగిలాయి. అప్పుడు రంగంలో బలపడినవాడు కాంట్రాక్టరు. ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి నుంచి అర్జునుణ్ణి, మరో చోటి నుంచి హార్మోనిస్టును రప్పించి ఒక రాత్రికి కూర్చేవాడు. రిహార్సల్ ఉండేది కాదు. రైలు దిగి, రంగు వేసుకుని, తెర ముందుకు రావడమే. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారి పేర్లు గోడ మీద కనిపిస్తే చాలు. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకొక కృష్ణుడు. ముఖం మారినా జనం నొచ్చుకునేవారు కాదు, గొంతు తగ్గితే మాత్రం ఊరుకునేవారు కాదు. మెచ్చితే 'వన్స్ మోర్'. పాడిన పద్యమే మళ్లీ పాడాలి, యుద్ధం ఆగాలి, తెల్లవారితే తెల్లవారుతుంది. విచిత్రంగా పుణెలో బాలగంధర్వకు వినిపించిన కేక కూడా ఈ రెండు ఇంగ్లీషు మాటలే. ప్రాణహిత నదికి ఇటూ అటూ నాటకాల జనానికి అనువాదం అక్కరలేని మాట ఇదొక్కటే అనుకుంటాను.

ఈ సరిహద్దుకు రెండు వైపుల గాలీ తగిలింది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సిరోంచకు నది అవతల కాళేశ్వరం. జివతి వైపు కొన్ని పల్లెల్లో మనుషులకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నాయి. ఓటుకు లేని అనుమానం పాటకు మాత్రం ఎందుకుంటుంది? అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లల్లో చిందు యక్షగానం చూసిన ముసలివాళ్లు మరాఠీ నాట్య పదాలు, అంటే నాటకాల పాటలు కూడా కూనిరాగం తీస్తారు. మా మేనత్తకు మరాఠీ చదవడం రాదు. పదాల అర్థం సగమే తెలిసినా రాగం తప్పేది కాదు.

మరాఠీ సంగీత నాటకానికి రెండో ఊపు 1960లలో వచ్చింది. 1967 నాటి కట్యార్ కాళజాత్ ఘుసలీ నాటకం రాసిన పురుషోత్తమ దార్వేకర్ మన పొరుగు నాగ్‌పూర్ మనిషి. సంగీతం జితేంద్ర అభిషేకి, ఖాన్ సాహెబ్ పాత్రలో వసంతరావు దేశపాండే. 2010లో సుబోధ్ భావే దర్శకత్వంలో ఆ నాటకాన్ని తిరిగి వేసినప్పుడు, ఆ పాత్రలో వసంతరావు మనవడు రాహుల్ దేశపాండే పాడారు. 2015లో అది సినిమా కూడా అయింది. పేరు చూసి టికెట్ కొన్నవాళ్లు లోపల ఆ పేరుకు తగిన గొంతు విన్నారు. స్టార్‌తో పునఃప్రదర్శన ఎలా ఉండాలో చెప్పమంటే నేను దీన్నే చూపిస్తాను.

ఝాడీపట్టీది వేరే దారి. దండార్ వంటి జానపద ఆట నుంచి ఎదిగిన ఈ రంగభూమిలో ఏటేటా కొత్త సాంఘిక నాటకాలు వస్తాయి. అత్తాకోడళ్లు, తాగుబోతు భర్త, భూమి తగాదా. కథ కొత్తది, పాట కొత్తది, కాబట్టి పోల్చి చూడడానికి పాత గొంతు ఉండదు. జనాన్ని పిలవడానికి తెలిసినదేదో ఒకటి కావాలి. ఆ చోటును టీవీలో చూసిన ముఖం నింపింది. ఇక్కడివాళ్లకు ఆకర్షణ లేదని కాదు. గడ్చిరోలి జిల్లాకు చెందిన పరశురామ్ ఖుణే ఐదు వేలకు పైగా ప్రదర్శనలిచ్చారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేరు మీద జనం వస్తారు. కానీ ఆయన లాంటి పేరు సంపాదించడానికి ఒక జీవితం పడుతుంది. సీరియల్ నటికి ఒక సీజన్ చాలు. కంపెనీ యజమానికి ఏది తేలికో వేరే చెప్పాలా?

ఖర్చు మోసే భుజం కూడా మారింది. బాలగంధర్వ కాలంలో నష్టం కంపెనీది. తర్వాత అది కాంట్రాక్టరుది. ఇప్పుడు కంపెనీకి ముందే డబ్బు ముడుతుంది, టికెట్లు తెగకపోతే మునిగేది ఊరి మండలి. గుడికో బడికో పోగుచేద్దామని వేసిన నాటకం చందాలు వేసుకుని తీర్చే అప్పయిన ఊళ్లు నాకు తెలుసు. వాదించాల్సింది నిజానికి ఈ ఒప్పందం గురించి. నటి ముఖం గురించి కాదు.

ఆ ఏడాది మా చుట్టాల ఊరు నటినే మాట్లాడుకుంది. ఆమె రెండో అంకంలో వచ్చింది, మూడోదాంట్లో కొంచెం ఏడ్చింది, సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి. మూడున్నరకు కారెక్కి వెళ్లిపోయింది. కుర్రకారు సగం ఇళ్లకు దారితీశారు. ఖాళీ అయిన పందిట్లో దుప్పట్లు కప్పుకుని ముసలివాళ్లు మిగిలారు. తపాలా బిళ్ల ఫొటోల్లోని ఒకాయన, తండ్రి పాత్రధారి, ఆర్గన్ వైపు చూసి తల ఊపి ఒక విరహ పదం ఎత్తుకున్నాడు. పూర్తయ్యేసరికి ముందు వరసలోంచి మండలి పెద్దాయన గొంతు వినిపించింది. "వన్స్ మోర్!"

పక్క తెర చాటున ప్రాంప్టర్ టార్చి వెలుతురులో ఒక పేజీ వెనక్కి తిప్పాడు.