రేడియోలో రచయితతో మాటలు: అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రచయితలతో రేడియో కోసం మాట్లాడటం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, అప్పుడప్పుడు రచయితలు కూడా, గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ప్రశ్నలన్నీ ముందే పంపిస్తే రచయితకు టెన్షన్ ఉండదు.

వాస్తవం: ప్రశ్నలు పంపితే జవాబులు కాగితం మీద రాసుకుని వస్తారు. మైకు ముందు వాటిని చదువుతారు. చదివే గొంతును శ్రోత రెండో వాక్యానికే పట్టేస్తాడు. నేను ఏయే విషయాలు మాట్లాడుకుందామో చెబుతాను, మొదటి ప్రశ్న చెబుతాను, అంతే. మిగతావి ఆయన జవాబుల్లోంచే రావాలి. "ఆ ఏడు మా నాన్న వేటకి వేరావల్ వెళ్లిపోయాడండి" అని ఒక తీరప్రాంతపు రచయిత అన్నాడనుకోండి. మన కాగితంలో తర్వాతి ప్రశ్న అవార్డుల గురించి ఉందని అటు వెళ్లిపోతే ఆ మనిషిని మనం విననట్టే. మన తీరంలో చేపలుండగా గుజరాత్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది, ఇల్లు ఎవరు నడిపారు, ఆ సంగతి ఏ కథలోకి వచ్చింది? ఆ రోజు కార్యక్రమమంతా అక్కడే ఉంది. అవార్డుల సంగతి పరిచయంలో ఒక వాక్యంలో చెప్పేయొచ్చు.

అపోహ: పుస్తకమంతా చదవక్కర్లేదు, ముందుమాట చూస్తే చాలు.

చాలదు. 'కన్యాశుల్కం' మీద రాసినవారు వచ్చారనుకుందాం. అది 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో మళ్లీ వేశారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదాన్నే. ఈ సంగతి తెలిస్తే "మీరు ఏ కూర్పు గురించి అంటున్నారు?" అని అడగగలం. తెలియకపోతే "గురజాడ గొప్పతనం చెప్పండి" అంటాం. ఆయనా చెబుతారు, అందరికీ తెలిసిందే.

అపోహ: చరిత్ర రాసినవారు చెప్పేదంతా చరిత్రే.

ఇక్కడ నేను కాస్త మొండిగా ఉంటాను. 1757 బొబ్బిలి యుద్ధం గురించి ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా చెబుతారు. ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆయనతో కలిసిన విజయనగరం రాజు విజయరామరాజు, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు అందరికీ తెలిసిన పేర్లే. అయితే అందులో కొంత ఆర్మ్ లాంటి ఇంగ్లిష్ చరిత్రకారులు 18వ శతాబ్దంలోనే రాసింది, కొంత పాటలుగా, బుర్రకథలుగా మనదాకా వచ్చింది. "ఈ మాట పత్రాల్లో ఉందాండీ, కథలో ఉందా?" అని మర్యాదగా అడగాలి. కథలో ఉందంటే దాని విలువ తగ్గదు. జనం బొబ్బిలి ఓటమిని ఎలా గుర్తుంచుకున్నారో అందులో తెలుస్తుంది. కానీ ఏది ఏదో శ్రోతకు తెలియాలి.

అపోహ: రేడియోలో మన యాస పనికిరాదు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ నేల మీద ఈ మాట వినడం నాకు బాధగా ఉంటుంది. రికార్డింగ్ మొదలైందనగానే పాలకొండ వైపు నుంచి వచ్చిన రచయిత్రి కూడా పాఠ్యపుస్తకంలా మాట్లాడటం మొదలుపెడతారు. అందుకే, ఆమెకు చెప్పే, టీ తాగుతున్నప్పటి నుంచే రికార్డర్ ఆన్ చేస్తాను. కాసేపటికి ఊరి మాట దానంతట అదే వస్తుంది.

ఎడిటింగులో ఆలోచించుకునే విరామాలన్నీ కోసేయాలనేది ఇంకొకటి. దగ్గులు, తడబాట్లు తీసేస్తాం. కష్టమైన ప్రశ్నకు ముందు మనిషి ఆగితే ఆ ఆగడాన్ని ఉంచేస్తాం. ఒక ప్రశ్నకిచ్చిన జవాబును మరో ప్రశ్న కింద అతికించడం మాత్రం ఎప్పటికీ చేయకూడదు.

"రేడియో ఇప్పుడెవరు వింటున్నారు?" అని కూడా అడుగుతారు. ఆకాశవాణి కేంద్రాలు ఫోన్‌లో, యాప్‌లో వస్తున్నాయి. ఊరు విడిచి వెళ్లినవాళ్లూ వినొచ్చు.

చివరి అపోహ: ప్రసారమైపోతే మన పని అయిపోయినట్టే.

గురజాడ 1915లో పోయారు. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం వచ్చింది 1938లో. ఆయన గొంతు మనకు లేకపోవడానికి కారణం ఉంది. ఇప్పటి రచయితల గొంతు పోతే ఏ కారణమూ చెప్పలేం. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి అచ్చయిన కథలను కాపాడే ఏర్పాటు చేశారు. మాటలకూ అలాంటి చోటు కావాలి. నేను ప్రతి రికార్డింగ్ మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు గొంతుతోనే చెప్పిస్తాను. కోయని పూర్తి కాపీ విడిగా దాస్తాను, ఇంకొకటి రచయిత ఇంటికి పంపుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదటి రికార్డింగ్ నుంచే ఈ అలవాటు చేసుకోండి.