ఎవరికి ఎంత వంగాలి? కొరియా మర్యాద వెనక కథ

కొరియా బేస్‌బాల్ లీగ్‌లో పిచర్ విసిరిన బంతి పొరపాటున బ్యాటర్ ఒంటికి తగిలితే, పిచర్ టోపీ తీసి తల వంచుతాడు. బ్యాటర్ వయసులో పెద్దవాడైతే నడుము కూడా కాస్త వంగుతుంది. మన క్రికెట్‌లో బౌన్సర్ హెల్మెట్‌కి తగిలితే బౌలర్ వెళ్లి పలకరిస్తాడే, అలాంటిదన్నమాట. అమెరికా ఆటలో ఈ అలవాటు లేదు. అందుకే 1998లో కొరియా లీగ్ విదేశీ ఆటగాళ్లను తీసుకోవడం మొదలుపెట్టాక, అక్కడికి వెళ్లిన పిచర్లు బంతితో పాటు ఈ టోపీ సంగతి కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

పలకరింపుని కొరియన్‌లో 'ఇన్సా' అంటారు. మనిషి, పని అనే రెండు చైనా అక్షరాల నుంచి పుట్టిన మాట. తమాషా ఏంటంటే, కంపెనీల్లో నియామకాలు, బదిలీలు చూసే విభాగాన్నీ ఇన్సా అనే అంటారు. ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క రెండు చోట్లా ఉంది మరి. లిఫ్టులో ఎదురైన పొరుగువాళ్లకి చిన్నగా తల ఊపితే చాలు. పై అధికారికి నడుము వంచాలి. తొంభై డిగ్రీలు వంగితే దాన్ని 'ఫోల్డర్ ఇన్సా' అంటారు, పాత మడత ఫోను మూసినట్టు ఉంటుంది కాబట్టి.

మనకిది అంత సులువుగా ఒంటబట్టదు. నమస్కారంలో మన పనంతా చేతులదే. పైగా మన భాషలో వంగడానికి మంచి పేరు లేదు. 'వంగి వంగి దండాలు పెట్టాడు' అన్నామంటే ఆ మనిషి మీద గౌరవంతో అన్నట్టు కాదు.

ఈ పద్ధతులు గట్టిపడింది జోసన్ రాజ్యంలో. 1392లో ఏర్పడిన ఆ రాజ్యం బౌద్ధాన్ని పక్కనపెట్టి చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ మార్గాన్ని పట్టుకుంది. పెళ్లి, చావు, పితృకార్యాలు ఎలా జరపాలో చైనా పండితుడు జూ షీ పేరుతో ఉన్న గృహాచార గ్రంథం చెప్పింది. పెద్ద కుటుంబాలు దాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. మోకాళ్లమీద కూర్చుని నేలకి తల వంచే పెద్ద మొక్కుని 'ఖున్‌జోల్' అంటారు. బతికున్నవాళ్లకి ఒకసారి, పోయినవాళ్లకి రెండుసార్లు, బుద్ధుడికి మూడుసార్లు. మగవాళ్లకి ఎడమ చెయ్యి పైన ఉండాలి, ఆడవాళ్లకి కుడి. చావింట్లో ఈ చేతుల లెక్క తిరగబడుతుంది.

కొరియా ఇంటికి కోడలిగా వెళ్లిన పరాయి దేశపు అమ్మాయిలు కొత్త సంవత్సరం పండగ సొల్లల్ నాడు తడబడేది ఇక్కడే. ఒకటికి రెండుసార్లు మొక్కితే ఇంకా గౌరవం కదా అని మనకి అనిపిస్తుంది. అక్కడ అత్తగారికి రెండుసార్లు మొక్కితే ఆవిడని పోయినవాళ్లలో కలిపేసినట్టే.

వంగడం అవమానమైన రోజులు కొరియన్లకీ ఉన్నాయి. 1637లో మంచూల చింగ్ సామ్రాజ్య సేనల చేతిలో ఓడిన రాజు ఇంజో, నది ఒడ్డున శత్రు చక్రవర్తి ముందు మూడుసార్లు మోకరిల్లి తొమ్మిదిసార్లు నేలకి తల ఆనించాడు. చక్రవర్తి ఘనతని పొగుడుతూ బలవంతంగా చెక్కించిన శిల ఇప్పటికీ సియోల్‌లో ఉంది.

వంగనందుకు ప్రాణం పోయిన కథ అంతకన్నా పెద్దది. క్యాథలిక్ మతం పుచ్చుకున్న యున్ జిచుంగ్ అనే కులీనుడు 1791లో తల్లి చనిపోతే పితృకార్యం చెయ్యలేదు. పూర్వీకుల పేర్లు రాసిన చెక్కల్ని తగలబెట్టాడు. పోయినవాళ్లకి మొక్కడం విగ్రహారాధన అని బీజింగ్ బిషప్ తేల్చిచెప్పాడు. తల్లికి మొక్కని కొడుకు రేపు రాజుకీ మొక్కడని ప్రభుత్వం అనుకుంది. జియోంజులో అతని తల నరికించింది. 1939లో రోమ్‌లోని క్యాథలిక్ పీఠం ఆ మాట మార్చుకుంది. పూర్వీకుల ముందు తల వంచడం పూజ కాదు, మర్యాదేనంది. మధ్యలో 148 ఏళ్లు గడిచాయి. 2014లో పోప్ ఫ్రాన్సిస్ సియోల్ వచ్చి యున్‌ని ధన్యుడిగా, అంటే సెయింట్‌కి ముందు మెట్టుగా, ప్రకటించాడు.

పూజ కాదు, మర్యాదే అన్న ఇదే మాటని ఆ రోజుల్లోనే, అప్పుడు కొరియాని ఏలుతున్న జపాన్ పాలకులు లాఠీ పట్టుకుని చెప్పారు. 1925లో సియోల్ నమ్‌సన్ కొండమీద జపాన్ సంప్రదాయ మతమైన షింటోకి పెద్ద ఆలయం కట్టారు. 1930ల్లో బడిపిల్లల్ని, టీచర్లని అలాంటి ఆలయాల ముందు వరసగా నిలబెట్టి వంగమన్నారు. ప్యాంగ్యాంగ్‌లో సూంగ్‌సిల్ విద్యాసంస్థల్ని నడిపే అమెరికా మిషనరీ జార్జ్ మెక్యూన్ కుదరదన్నాడు. ఆయన పదవి పోయింది, 1936లో దేశం వదలాల్సి వచ్చింది. 1938లో ఆ కాలేజీ మూతపడింది. అదే ఏడాది పోలీసుల కాపలాలో ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మహాసభ ఆలయ ప్రణామానికి ఒప్పుకుంటూ తీర్మానం చేసింది. ఒప్పుకోని పాస్టర్ చు కిచోల్ 1944లో జైల్లో చనిపోయాడు. చాలామంది కొరియా ప్రొటెస్టెంట్లు ఇవాళ్టికీ పితృకార్యంలో మొక్కకుండా ప్రార్థనతో సరిపెట్టుకోవడాన్ని ఈ చరిత్రతో కలిపి చూడాలి.

మామూలు విదేశీయులు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి. 1993లో ట్రైనీల పేరుతో విదేశీ కార్మికుల్ని తెచ్చుకోవడం మొదలైంది. 1995 జనవరిలో నేపాలీ ట్రైనీలు సియోల్ మ్యోంగ్‌డాంగ్ కేథడ్రల్ దగ్గర ధర్నాకి కూర్చున్నారు. మమ్మల్ని కొట్టొద్దు, మేమూ మనుషులమే అన్నది వాళ్ల గోడు. 2004లో వర్క్ పర్మిట్ పద్ధతి వచ్చింది. అందులో నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్ ఉన్నాయి, భారత్ లేదు. మనవాళ్లు వెళ్లేది ఎక్కువగా చదువులకీ, పరిశోధనకీ, కంపెనీ ఉద్యోగాలకీ. 2007లో పది లక్షలు దాటిన విదేశీయుల సంఖ్య 2024 చివరికి 26 లక్షలు దాటింది.

వీళ్లలో వంగడం రానివాళ్లు తక్కువే. రెండు వారాలు చూస్తే ఎవరికైనా వచ్చేస్తుంది. టెన్షన్ అంతా ఎవరికి ముందు వంగాలి, ఎంత వంగాలి అన్నదాని దగ్గరే. కొరియన్లు మొదటి పరిచయంలోనే వయసు అడిగేది కూడా ఈ లెక్క తేల్చుకోవడానికే. విదేశీయుడు తప్పు చేస్తే చాలావరకు నవ్వి వదిలేస్తారు. అందరికీ ఆ మినహాయింపు దొరకదులెండి. 2013లో బిల్ గేట్స్ ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునే అధ్యక్షురాలు పాక్ గున్‌హేకి షేక్‌హ్యాండ్ ఇస్తే, ఆ ఫొటో మీద దేశమంతా చర్చ నడిచింది.

మన పెనుకొండ దగ్గర 2019లో కియా కారు ఫ్యాక్టరీ మొదలయ్యాక ఈ పాఠం అటూ ఇటూ నడుస్తోంది. అక్కడి కొరియన్లకి మన చేతుల దండం కొత్త, మనవాళ్లకి వాళ్ల నడుము వంపు కొత్త.

ఇక కొరియాలో ఉద్యోగం చేసే విదేశీయుడికి అసలు పరీక్ష సహోద్యోగి ఇంట్లో చావు. ఆసుపత్రులకే ఆనుకుని అంత్యక్రియల హాళ్లుంటాయి, ఆఫీసు మొత్తం కలిసి వెళ్తుంది. నల్ల బట్టలు, డబ్బు కవరు. పోయినవాళ్ల ఫొటో ముందు అగరొత్తి వెలిగించి రెండు మొక్కులు, పక్కన నిలబడ్డ కుటుంబానికి ఒకటి. మొక్కడం మీ మతానికి కుదరకపోతే తెల్ల చామంతి పువ్వు ఫొటో ముందు ఉంచి, నిలబడే తల వంచుకుని ఒక్క నిమిషం ఉండండి. ఎందుకని ఎవరూ అడగరు. ఆ తర్వాత పక్క గదిలో వేడి సూపు, అన్నం పెడతారు, తిని వెళ్లాలి.