మైనస్ 14 దగ్గర డప్పు దెబ్బ

వినాయక చవితికి డీజే పాటలు, ఆ వెంటనే బతుకమ్మ పాటలు. దసరా దాటేదాకా వరంగల్, కరీంనగర్ వైపు స్టూడియోలకు చేతినిండా పని. మిక్సింగ్ అంతా అయ్యాక చివర్లో వచ్చే కోరిక మాత్రం దాదాపు ఒకటే: "అన్నా, సౌండ్ ఇంకొంచెం పెంచు. వాళ్ల పాట పక్కన మనది తక్కువొస్తంది."

ఆ టెన్షన్ ఉత్తదేం కాదు. ఒకే పాటను రెండుసార్లు వినిపించి రెండోసారి ఒక్క డెసిబెల్ పెంచితే, సౌండ్ పెరిగిందని చాలామంది గుర్తుపట్టరు, క్వాలిటీ బాగుందంటారు. చెవి తీరే అంత. కాకపోతే యూట్యూబ్‌లో పెట్టే పాటకు ఈ పెంపు వల్ల ఇప్పుడు వచ్చే లాభం ఏమీ లేదు, పోయేది మాత్రం డప్పు దెబ్బే. అదెలాగో తెలియాలంటే పాట సౌండును ఎలా కొలుస్తారో చూడాలి.

డిజిటల్ ఫైల్లో సౌండంటే అంకెల వరస. 16 బిట్ల ఫైలైతే ఆ అంకె 32,767 దాటి పోలేదు. ఆ పైహద్దుకే సున్నా డెసిబెల్ అని పేరు పెట్టి, మిగతావన్నీ దాని కిందికి లెక్కేస్తారు. అందుకే మాస్టరింగ్, అంటే పాటకు చివరి మెరుగులు, చేసేవాళ్ల నోట ఎప్పుడూ మైనస్ ఇంతా, మైనస్ అంతా అనే మాటలే. వీధిలో పోలీసులు మీటర్ పెట్టి కొలిచే డెసిబెళ్లు వేరు. అవి గాలిలో ఒత్తిడికి సంబంధించినవి. ఫైల్లో మైనస్ 7 ఉన్న పాటను ఫోన్లో గుసగుసలా వినొచ్చు, మైనస్ 20 ఉన్నదాన్ని కాలనీ అంతా అదిరేలా మోగించొచ్చు.

భద్రకాళి చెరువును ఊహించుకోండి. కట్ట ఎత్తు సున్నా డెసిబెల్, నీటిమట్టం పాట సగటు సౌండ్, అలలు డప్పు దెబ్బలు. చెరువు సగం ఉన్నప్పుడు అల ఎంత లేచినా ఇబ్బంది లేదు. నీళ్లు కట్ట అంచుదాకా నిండితే ఇక అల లేవడానికి చోటే ఉండదు. నీటిమట్టానికీ అల కొసకూ మధ్య తేడా ఎంతో చెప్పే కొలతను క్రెస్ట్ ఫ్యాక్టర్ అంటారు. నునుపైన ఒకే స్వరానికి, అంటే సైన్ తరంగానికి, అది 3 డెసిబెళ్లు. రికార్డు చేసిన డప్పుకు, చప్పట్లకు అంతకు ఎన్నో రెట్లు.

డప్పును దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మంట మీద కాచిన చర్మం బిగుసుకుని ఉంటుంది. సిర్ర, అంటే వాయించే పుల్ల, పడగానే ఒకటి రెండు మిల్లీ సెకన్లలో శబ్దం కొసకు లేచి, అంతే తొందరగా పడిపోతుంది. సౌండ్ ఎంత ఉందో తేల్చుకోవడానికి చెవికి అంత తక్కువ సమయం చాలదు, వంద మిల్లీ సెకన్లకు పైనే కావాలి. కాబట్టి ఆ కొస 'ఎక్కువ సౌండ్'గా వినపడదు, 'దెబ్బ'గా వినపడుతుంది. పక్కనే హార్మోనియం శ్రుతి పీక్ (అల కొస ఎత్తు) డప్పు పీక్‌లో పావు వంతే ఉన్నా, ఆగకుండా మోగుతుంది కాబట్టి అదే పెద్దగా అనిపించొచ్చు. పీక్ చూసి ఏ పాట సౌండ్ ఎక్కువో చెప్పలేకపోవడం ఇందుకే.

మరి దేన్ని చూడాలి? 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అన్ని స్వరస్థాయిలూ చెవికి ఒకేలా వినపడవని కొలిచి చూపించారు. 3, 4 వేల హెర్ట్జ్ దగ్గర చెవి చాలా చురుకు, బాగా కింది బేస్ దగ్గర మందం. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ తెచ్చిన బీఎస్ 1770 అనే కొలమానం ఈ తేడాను లెక్కలోకి తీసుకుంది. పై స్వరాలకు కొంచెం బరువు పెంచి, బాగా కింద ఉన్న బేస్‌కు తగ్గించి, పాటను 400 మిల్లీ సెకన్ల ముక్కలుగా కొలిచి సగటు తీస్తుంది. అలా వచ్చే అంకెకు యూనిట్ ఎల్‌యూఎఫ్‌ఎస్, ఒక యూనిట్ తేడా అంటే ఒక డెసిబెలే. తర్వాత దీనికి ఒక వడపోత కూడా చేర్చారు. మొత్తం సగటు కంటే 10 యూనిట్లు, ఆ పైన కిందికి పడిపోయిన ముక్కల్ని లెక్కలోంచి తీసేస్తారు. ఒగ్గు కథలో కథకుడు గొంతు తగ్గించి మాట్లాడే చోట్లు ఎక్కువున్నాయని డోలు మోగే చోట్ల సౌండ్ తక్కువని తేలిపోకుండా ఈ ఏర్పాటు.

ఇప్పుడు మన పాట సంగతి చూద్దాం. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. అందులో వాల్యూమ్ అనే వరసలో రెండు శాతాలు, పక్కన కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక అంకె ఉంటాయి. ఆ అంకె 5.2 అని ఉంటే, యూట్యూబ్ పెట్టుకున్న మట్టం కంటే మీ పాట 5.2 డెసిబెళ్లు ఎక్కువుందని అర్థం. అప్పుడు రెండో శాతం 55 చూపిస్తుంది. అంటే మీరు పెంచినదంతా యూట్యూబ్ తగ్గించేసి వినిపిస్తోందన్నమాట. ఆ మట్టం దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్. స్పాటిఫై మామూలుగా పెట్టుకునేదీ అంతే, యాపిల్ మ్యూజిక్‌ది మైనస్ 16. ఈ డీజే పాటల్లో ఒక నాలుగైదింటికి ఇలా తెరిచి చూస్తే చాలు, ఎవరెంత వృథాగా పోటీ పడ్డారో తెలిసిపోతుంది.

అసలు నష్టం తర్వాతి లెక్కలో ఉంది. ఒకే పాటను రెండు రకాలుగా చేశారనుకుందాం. మొదటిది మైనస్ 14 సగటుతో, డప్పు పీకులు మైనస్ 1 దాకా. రెండోది లిమిటర్‌తో, అంటే హద్దు దాటే కొసల్ని కోసేసే సాధనంతో, నొక్కి మైనస్ 7కు పెంచినది, పీకులన్నీ సున్నా దగ్గర తెగిపోయినవి. యూట్యూబ్ రెండోదాన్ని 7 డెసిబెళ్లు దించుతుంది. సగటు రెండింటికీ సమానమైంది. కానీ మొదటి పాటలో డప్పు ఇంకా మైనస్ 1 దాకా లేస్తుంటే, రెండోదాంట్లో మైనస్ 7 దగ్గరే ఆగిపోయింది. 6 డెసిబెళ్లంటే తరంగం ఎత్తులో సగం. పోటీలో గెలుద్దామని నొక్కిన పాటలోనే డప్పు సగమైపోయింది.

లిమిటర్ కొసలు కోసి ఊరుకోదు కూడా. దెబ్బ పడ్డ ప్రతిసారీ ఒక్క క్షణం మొత్తం పాటను కిందికి నొక్కుతుంది. గాయని గొంతు కూడా దాంతోపాటే మునిగి తేలుతుంది. బతుకమ్మ పాటల్లో ఇది మరీ ఎక్కువ, కారణం చప్పట్లు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు వందల మంది ఆడవాళ్లు ఒకేసారి చప్పట్లు కొడితే, వినేవాళ్లకు అన్నీ ఒకే క్షణంలో చేరవు. పది మీటర్ల అవతలి చప్పట్లు 30 మిల్లీ సెకన్లు ఆలస్యం. అందుకే గుంపు చప్పట్లు కొంచెం పరుచుకుని, మెత్తబడి వినిపిస్తాయి. స్టూడియోలో ఒకే చప్పట్ల శాంపిల్‌ను, అంటే రికార్డు ముక్కను, నాలుగు ట్రాకుల్లో ఒకే గీత మీద పెడతారు. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు శబ్దాలు కలిస్తే పీక్ 6 డెసిబెళ్లు పెరుగుతుంది, నాలుగు కలిస్తే 12. అంత పెంచి, దాన్నే మళ్లీ లిమిటర్‌తో కోస్తారు. ఆ నాలుగు శాంపిళ్లను ఇరవై ముప్పై మిల్లీ సెకన్లు అటూ ఇటూ జరిపితే లిమిటర్‌కు పనే తగ్గుతుంది, గుడి ముందు వినిపించినట్టూ ఉంటుంది.

నొక్కడమే తప్పని నేననను. హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సులో పోతూ వినేవాళ్లకు మరీ మెల్లగా పాడిన చరణం ఇంజిన్ హోరులో కలిసిపోతుంది. పాటలో మెల్లని చోట్లకూ గట్టి చోట్లకూ మధ్య దూరాన్ని లౌడ్‌నెస్ రేంజ్ అనే ఇంకో కొలత చెబుతుంది. మూడేసి సెకన్ల ముక్కలు తీసుకుని, అట్టడుగు 10 శాతాన్నీ పైన 5 శాతాన్నీ వదిలేసి మిగిలిన తేడా చూస్తారు. గట్టి చోట్లను కాస్త తగ్గించే కంప్రెసర్‌తో ఈ దూరం కాస్త తగ్గించడం వినేవాళ్లకు మేలే. దెబ్బ కొసను కోయడం వేరే పని, దాన్ని ఈ పేరుతో సమర్థించుకోకూడదు.

"మరి డీజేవాళ్లు పెన్ డ్రైవ్‌లోంచి వేస్తారు కదా, అక్కడ యూట్యూబ్ లేదు కదా" అని అడుగుతారు. నిజమే, కానీ మిక్సర్ మీద సౌండ్ పెంచే గెయిన్ నాబ్ ఉంది. పైగా నొక్కిన పాటలో సగటు పవర్ ఎక్కువ. నునుపైన తరంగం కొసలు కోసుకుంటూ పోతే చివరికి నలుచదరమవుతుంది, పీక్ అదే ఉన్నా పవర్ రెట్టింపవుతుంది. ఆ వేడంతా స్పీకర్ లోపలి కాయిల్ మీదే పడుతుంది. యాంప్ దగ్గర కూడా నాబ్ చివరిదాకా తిప్పి, అక్కడా కోతపెడితే ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) కాలడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇంట్లో పరీక్షించడం తేలిక. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో మీ రెండు వెర్షన్లూ తెరిచి, లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెండింటినీ మైనస్ 23కు తెచ్చి, పేర్లు కనపడకుండా ఎవరికైనా వినిపించండి. సౌండ్ సమానం చేశాక మిగిలిన తేడానే అసలు తేడా. ఫైనల్ ఫైల్‌లో ట్రూ పీక్ (అంకెల మధ్య లేచే కొసల్నీ కలిపి కొలిచే పీక్) మైనస్ 1 దగ్గర ఆపితే మంచిది, యూట్యూబ్ దాన్ని మళ్లీ కుదించినప్పుడు పీకులు కొంచెం పెరుగుతాయి కాబట్టి. ఇంకా జాగా కావాలంటే బేస్ తగ్గించి చూడండి. చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద దాదాపు మూగవే. అక్కడ వినపడని బేస్ కోసమే పాటలో చాలా జాగా పోతోంది.