తుస్సుమన్న తూటా: దెబ్బ ఎక్కడికి పోయింది?

దీపావళికి వారం ముందు నుంచే మా బరంపురం సందుల్లో పిల్లలు తుపాకి బిళ్ళలు రాయితో కొట్టి పేలుస్తుంటారు. గచ్చు మీద పెట్టి కొడితే ఠప్‌మంటుంది. అదే బిళ్ళను పక్కనున్న ఇసుకలో పెట్టి అంతే గట్టిగా కొడితే తుస్సు. రాయి అదే, చెయ్యి అదే. కింద ఇసుక జారిపోయి దెబ్బను తినేస్తుంది.

మా చిన్నాన్న సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, చేసి రిటైరయ్యాడు. పిస్టల్ ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని ఊరుకోవడం గురించి ఎవరడిగినా ఆయన ఈ బిళ్ళతోనే మొదలుపెడతాడు. "దెబ్బయితే పడిందిరా. ఎక్కడికి పోయిందో అది చూడు" అంటాడు.

తూటా అడుగున మధ్యలో ఓ చిన్న లోహపు గిన్నె ఉంటుంది. అదే ప్రైమర్. అందులో లెడ్ స్టిఫ్నేట్ లాంటి, నలిగితే మండే మందు. దాని ఎదురుగా బుల్లి దాగలి. పిస్టల్‌లోని సూదిమొన గిన్నెను సొట్ట పొడిస్తే, మందు గిన్నెకూ దాగలికీ మధ్య నలిగి నిప్పు పుడుతుంది. కమ్మరి కొలిమి దగ్గర చూసిన పనే, బియ్యపు గింజంత జాగాలో. దెబ్బతో మందు అంటించే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ ఫోర్సిత్ స్కాట్లాండులో చర్చి పాస్టరు. వేటంటే పిచ్చి లెండి.

గ్లాక్ లాంటి పిస్టళ్ళలో వెనక సుత్తి ఉండదు. పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం స్లైడ్. దాని లోపలి సన్నటి గొట్టంలో స్ప్రింగు తోసే స్ట్రైకర్ అనే కడ్డీయే సూటిగా వచ్చి పొడుస్తుంది. తేలికైన కడ్డీ, కురచ ప్రయాణం. దారిలో కాస్త శక్తి పోయినా ప్రైమర్ మీద సొట్ట లోతు తగ్గిపోతుంది.

ఎక్కువగా పోయేది ఆ గొట్టంలోనే. గోపాలపూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా దగ్గర ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. ఆ భయంతో పిస్టల్ నిండా నూనె పోస్తారు. నూనెకు కాలని మందు పొడి, ఇత్తడి రజను అంటుకుని నల్లటి జిడ్డు తయారవుతుంది. చిన్నాన్న ఒక బటన్ పెన్ను విప్పి, లోపల కాస్త గ్రీజు రాసి మళ్ళీ బిగించి నా చేతికిచ్చాడు. బటన్ నొక్కి వదిలాను. టప్‌మని లోపలికి పోవాల్సిన రీఫిల్లు బద్ధకంగా, ఈడ్చుకుంటూ పోయింది. స్ప్రింగు కొత్తదే. కడ్డీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వేగం పదో వంతు తగ్గితే శక్తి దాదాపు ఐదో వంతు పోతుంది. అందుకే స్ట్రైకర్ గొట్టం పొడిగా ఉండాలి. అక్కడ నూనె చుక్క కూడా వద్దంటాడు ఆయన.

ట్రిగ్గర్ మెత్తగా ఉండాలని స్ట్రైకర్‌కు మెత్తటి స్ప్రింగు వేయించుకునే షోకు ఒకటుంది. గురి పోటీలకు సరదాగానే ఉంటుంది గానీ, గట్టి గిన్నెల ప్రైమర్లు దొరికిన రోజున దెబ్బ చాలదని బయటపడుతుంది.

తప్పు తూటాదే కావచ్చు. ప్రైమర్ తన గుంటలో పూర్తిగా దిగకపోతే మొదటి దెబ్బ దాన్ని దించడానికే ఖర్చయిపోతుంది. మన ఇసుకలో బిళ్ళ కథే. అదే తూటా రెండోసారి పేలితే ముందు దీన్నే అనుమానించాలి. స్లైడ్ మురికి వల్ల వెంట్రుకవాసి తెరిచి ఉండిపోయినా అంతే, స్ట్రైకర్ బలంలో కొంత దాన్ని మూయడానికి పోతుంది. ఒక పెట్టెలోని తూటాలే తుస్సుమంటుంటే పెట్టెను, అన్ని రకాలూ తుస్సుమంటుంటే పిస్టల్‌ను చూడాలి.

పేలని తూటాను వెంటనే బయటికి లాగకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవడం అరుదు, కానీ జరుగుతుంది. పిస్టల్ మూతి గురివైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. చిన్నాన్న పైకే లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత తూటా తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సొట్టను గోటితో తడిమి చూసేవాడు.