‘తొందరేం లేదు’ అంటే బాగున్నట్టు కాదు: బెంగళూరులో తెలుగు కేన్సర్ రోగుల మానసిక తోడ్పాటుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇక్కడి తెలుగువాళ్లకి కన్నడ వచ్చు, కౌన్సెలింగుకి అది చాలు.

బస్సులో, కూరగాయల కొట్లో సరిపోయే కన్నడ వేరు, భయం చెప్పుకునే భాష వేరు. హిందూపురం, మదనపల్లె నుంచి కేవలం చికిత్స కోసం వచ్చేవాళ్లకి ఆ కాస్తా ఉండదు. నర్సు ‘ఏనాదరూ తొందరె ఇదెయా?’ అంటుంది. కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది. మన చెవికి అది హడావిడి. ‘తొందరేం లేదమ్మా’ అంటుంది పెద్దావిడ. ఫైల్లో ‘ఇబ్బందులు లేవు’ అని పడుతుంది. (చెన్నైలో ‘తొందరవు’తోనూ ఇదే తంటా.)

అపోహ: తోడొచ్చిన కొడుకు చెప్తాడుగా.

చెప్తాడు, వడపోసి. డాక్టరు ‘జబ్బు తిరగబెట్టింది’ అంటే ‘ఇంకో నాలుగు కీమోలంట’ అంటాడు. అమ్మ ‘ఇక నావల్ల కాదు’ అంటే ‘కొంచెం నీరసమంట’ అవుతుంది. అంతా ప్రేమతోనే. బడికెళ్లే పిల్లలకైతే ఈ పని అసలు అప్పగించొద్దు.

మీరు కౌన్సెలరో, నర్సో అయితే అనువాదానికి తెలుగొచ్చిన సిబ్బందిని పిలవండి, దగ్గర లేకపోతే వాళ్లని ఫోన్ స్పీకర్లో పెట్టండి. రోగి దగ్గరికి వెళ్లేముందు 5 నిమిషాలు వాళ్లతో కూర్చుని, ఏం చెప్పాలో, ఏ మాట వాడాలో అనుకోండి. వాళ్లని రోగికి కాస్త వెనగ్గా కూర్చోబెట్టి, మీరు రోగినే చూస్తూ మాట్లాడండి. ఒకేసారి రెండు వాక్యాలకి మించి చెప్పొద్దు. చివర్లో ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. ‘ఇంటికెళ్లి మీ చెల్లెలికి ఏమని చెప్తారు?’ అని అడగండి. మామూలుకి రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి అపాయింట్‌మెంటే అలా ఇవ్వాలి.

అపోహ: జబ్బు పేరు చెప్తే మనిషి కుంగిపోతాడు.

ఎంత తెలుసుకోవాలో తేల్చుకోవాల్సింది రోగి. ముందు అదే అడగండి. ‘మావాడితో మాట్లాడండి’ అన్నా అది ఆయన నిర్ణయమే. ఫైల్లో రాసి, తర్వాత విజిట్‌లో మళ్లీ అడగండి. మనసులు మారతాయి.

అపోహ: డిప్రెషన్ ఉంటే వాళ్లే చెప్తారు.

ఆ మాట వాళ్ల నోట రాదు. ‘బెంగగా ఉంది’, ‘గుండె దడ’, ‘అన్నం సయించట్లేదు’ అంటారు. నీరసం, ఆకలి లేకపోవడం కీమోవల్ల కూడా వస్తాయి. అందుకే రెండు వారాలుగా దేనిమీదా మనసు పోవట్లేదా అన్నది విడిగా అడగాలి. మనసులో బాధ ఎంతుందో రోగే 0 నుంచి 10 దాకా అంకెల్లో చెప్పే డిస్ట్రెస్ థర్మామీటర్‌లో 4 గానీ ఆపైన గానీ వస్తే వివరంగా కూర్చోవాలి. అంకెలు తడబడితే పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించండి. రోగనిర్ధారణప్పుడే కాదు, చికిత్స ముగిశాక కూడా అడగండి. అందరూ ‘అయిపోయిందిగా’ అనేసే ఆ రోజుల్లోనే చాలామంది కుంగుబాటులోకి జారిపోతారు.

అపోహ: కంచం, పక్క వేరు చేయాలి.

కేన్సర్ అంటదు. కీమో తర్వాత సుమారు 48 గంటలు రోగి మూత్రం, వాంతిలో ఆ మందు ఉంటుంది కాబట్టి, వాటిని శుభ్రం చేసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోమంటాం. ఇంటివాళ్లు దాన్ని వెలిగా మార్చేస్తారు. గ్లోవ్స్ ఎందుకో చెప్పకుండా పంపడం మన తప్పే.

అపోహ: ఛార్జీల గొడవ కౌన్సెలర్ పని కాదు.

ప్రయాణానికి డబ్బుల్లేక కీమో మానేసినవాళ్లకి ధైర్యం చెప్పి లాభమేంటి? ఆసుపత్రి సర్టిఫికెట్‌తో చికిత్స ప్రయాణానికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ రోగికి పూర్తిగా ఉచితం, తోడొచ్చే ఒకరికి 75 శాతం రాయితీ. ఆ సర్టిఫికెట్ ఫారం మీ టేబుల్ మీదే ఉంచుకోండి. దాని వెనక 14416 అని కూడా రాసివ్వండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు, తెలుగులో 24 గంటలూ మాట్లాడొచ్చు.