రన్‌వే పగుళ్ల నుంచి ఫ్యూయల్ ట్యాంకుల దాకా: మిలిటరీ బేస్ తన లెక్క తాను ఎలా చూసుకుంటుంది

2021 మే 6న హవాయిలో, పెర్ల్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న రెడ్ హిల్ ఫ్యూయల్ డిపోలో ఒక పైపు జాయింట్ ప్రెజర్ తట్టుకోలేక విడిపోయింది. అమెరికా నేవీ డిపో అది, 1940–43 మధ్య కొండని తొలిచి లోపల కట్టారు, మొత్తం 20 ట్యాంకులు, ఒక్కో ట్యాంకులో 1.25 కోట్ల గ్యాలన్లు అంటే దాదాపు 4.7 కోట్ల లీటర్లు పడతాయి. ఆ ట్యాంకులకి కింద ఓ 100 అడుగుల లోతులోనే జనం తాగే భూగర్భ జలం. ఆ రోజు కారింది సుమారు 1,600 గ్యాలన్లే, దాదాపు మొత్తం ఎత్తేశాం అనుకున్నారు. నిజానికి పోయింది 20,000 గ్యాలన్ల దాకా. మిగిలిందంతా మంటలార్పే సిస్టమ్‌కి చెందిన ఒక పీవీసీ డ్రెయిన్ లైన్‌లోకి వెళ్లి ఆర్నెల్లు అందులోనే ఉండిపోయింది, ఆ బరువుకి పైపు కిందికి వంగింది కూడా. నవంబర్ 20న సొరంగంలో తిరిగే చిన్న రైలు బండి దానికి తగిలి పగిలింది, ఫ్యూయల్ బయటికొచ్చి బావి నీళ్లలో కలిసింది. సుమారు 93,000 మంది వాడుకునే నీళ్లవి. చివరికి 2022 మార్చిలో ఆ డిపోని మొత్తంగా మూసేయమని అప్పటి రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ ఆర్డర్ ఇచ్చారు.

నన్ను బాగా కదిలించింది ఏంటంటే, ఆ తేడా ఎంతో చెప్పే లెక్క వాళ్ల దగ్గరే ఉంది. ట్యాంకులో లెవెల్ చూపించే గేజ్‌లున్నాయి, ఎంత పంపారు ఎంత మిగలాలి అనే రికార్డులున్నాయి, కానీ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి మరి మిగతా ఫ్యూయల్ ఎక్కడికి పోయింది అని చివరిదాకా వెంటపడ్డవాళ్లు లేరు, ఆ డ్రెయిన్ లైన్‌లో ఏముందో చూసినవాళ్లూ లేరు. బేస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటే చాలామందికి బోర్ కొట్టే సబ్జెక్టే కానీ అది చేయాల్సిన పని సరిగ్గా ఇదే. రికార్డులో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనా అని రోజూ అడుగుతూ ఉండటం.

ఈ పని ఎంత పెద్దదో చూడండి. అమెరికా రక్షణ శాఖ 2018 లెక్క ప్రకారం వాళ్లకి 4,775 సైట్లలో 5,85,000కి పైగా ఫెసిలిటీలున్నాయి, భూమి 2.69 కోట్ల ఎకరాలు. ఫెసిలిటీ అంటే బిల్డింగులొక్కటే కాదు, రన్‌వే, జెట్టీ, ఫ్యూయల్ ట్యాంకు, కరెంటు లైను, మురుగు నీటి ప్లాంటు, కంచె అన్నీ అందులోకే వస్తాయి. ప్రతిదానికీ ఒక విడి నంబర్ ఇస్తారు, ఆ నంబర్‌కి దాని సైజు, కట్టిన సంవత్సరం, దేనికి వాడుతున్నారు, ఇవాళ మళ్లీ కట్టాలంటే ఎంతవుతుంది అనే వివరాలు అతుక్కుని ఉంటాయి. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది కానీ ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి, ఎందుకంటే బిల్డింగ్ కూల్చేసినవాళ్లు ఒక ఆఫీసు, రికార్డులోంచి తీసేయాల్సినవాళ్లు ఇంకో ఆఫీసు. ఇలా కొత్తగా వచ్చిన ఆస్తుల్నీ తీసేసిన ఆస్తుల్నీ సరిగ్గా నమోదు చేయట్లేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ గావో 2018లో ఒక రిపోర్టే ఇచ్చింది, అసలు ఈ ఫెసిలిటీల మేనేజ్‌మెంట్ అంతా 1997లోనే వాళ్ల హై రిస్క్ లిస్టులో, అంటే ఎక్కువ ముప్పున్న ప్రభుత్వ పనుల జాబితాలో చేరింది. రికార్డులో తప్పుంటే రిపేర్ బడ్జెట్ కూడా తప్పవుతుంది, ఎందుకంటే నిర్వహణకి ఎంత కావాలనే అంచనా మొదలయ్యేది ఈ లిస్టు నుంచే.

భూమి లెక్క కూడా తేలిక కాదు. ఇండియాలో 2022 జనవరి నాటికి డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసుల రికార్డుల ప్రకారం రక్షణ శాఖకి ఉన్నది 17.99 లక్షల ఎకరాలు, అందులో అప్పుడున్న 62 కంటోన్మెంట్ల లోపల ఉన్నది 1.61 లక్షల ఎకరాలే, మిగతాదంతా దేశం మొత్తం ముక్కలు ముక్కలుగా ఉంది. 2018 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సర్వేలో 17.78 లక్షల ఎకరాలు కొలవడం పూర్తయిందని 2022 జనవరిలో ప్రకటించారు, ఇంత మొత్తంగా కొలవడం స్వాతంత్ర్యం వచ్చాక అదే మొదటిసారి. రాజస్థాన్‌లో లక్షల ఎకరాల్ని డ్రోన్లతో కొన్ని వారాల్లోనే కొలిచేశారు, అంతకుముందు దీనికి ఏళ్లు పట్టేది. హద్దు ఎక్కడో మ్యాప్‌లో పక్కాగా లేకపోతే ఆక్రమణ జరిగిందని చెప్పడానికి కూడా ఆధారం ఉండదు, అందుకే ఇది చిన్న విషయం కాదు.

ఏముందో తెలిశాక దాని ఆరోగ్యం ఎలా ఉందో తెలియాలి, నాకైతే మొత్తంలో ఇదే ఇంట్రెస్టింగ్ భాగం. 1970ల్లో అమెరికా ఆర్మీ ఇంజినీర్ల ల్యాబ్‌లో పేవర్ అనే సిస్టమ్ తయారుచేశారు, రోడ్లకీ రన్‌వేలకీ 0 నుంచి 100 మధ్యలో మార్కు వేసే పద్ధతి అది. మొత్తం రన్‌వేని ముక్కలుగా విడగొట్టి వాటిలోంచి కొన్ని ముక్కల్ని శాంపిల్‌గా తీసుకుని ఒక్కోదాంట్లో ఏ రకం పగులుంది, ఎంత తీవ్రంగా ఉంది, ఎంత మేర ఉంది అని మూడూ రాసుకుంటారు, ప్రతిదానికీ 100 లోంచి కొన్ని మార్కులు కోసేస్తారు. నాలుగైదు రకాల లోపాలు ఒకే చోట ఉంటే ఆ కోతలన్నీ నేరుగా కూడేస్తే సున్నా కంటే కిందికి పోతుంది కదా, అందుకే అవి కలిసినప్పుడు సరిదిద్దే లెక్క వేరే ఉంది. చివరికి 86 పైన వస్తే బాగున్నట్టు, 10 లోపు వస్తే పూర్తిగా పాడైనట్టు.

ఎవరు వెళ్లి చూసినా దాదాపు ఒకటే మార్కు రావాలి అనేదే ఈ పద్ధతి గొప్పతనం, లేకపోతే గట్టిగా అరిచిన ఇంజినీర్ రన్‌వేకే డబ్బులెళ్తాయి. ఇంకోటి, ఏళ్ల తరబడి మార్కులు దాచుకుంటే ఏ రోడ్డు ఎప్పుడు ఎంత పడిపోతుందో గ్రాఫ్ వస్తుంది. మొదట్లో మెల్లగా తగ్గుతుంది, ఒక దశ దాటాక పగుళ్లలోంచి నీళ్లు కిందికి దిగి పునాది పొర మెత్తబడి జారుడు మొదలవుతుంది, ఆ జారుడుకి ముందే పగుళ్లు నింపేస్తే ఖర్చు చాలా తక్కువ. రన్‌వే విషయంలో డబ్బు ఒక్కటే కాదు, పైపొర ఊడి చిన్న రాయి లేచినా జెట్ ఇంజిన్ దాన్ని లోపలికి లాగేసుకుంటుంది, బ్లేడ్లు దెబ్బతింటాయి. అయితే ఈ మార్కు చూసేది పైకి కనిపించేదే, కింద ఎంత బరువు మోయగలదో ఇది చెప్పదు, దానికి వేరే టెస్టులు వేరే రేటింగులున్నాయి. ఈ తేడా తెలియకుండా ఒక్క నంబర్ చూసి నిర్ణయం తీసుకుంటే ప్రమాదం.

అదే ల్యాబ్ నుంచి బిల్డింగుల కోసం బిల్డర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, 2013లో రక్షణ శాఖ మొత్తం దాన్నే వాడాలని నిర్ణయించారు. ఇది బిల్డింగ్‌ని ఒకే ముక్కగా చూడదు, పైకప్పు, కిటికీలు, బాయిలర్, వైరింగ్ అని విడగొట్టి ఒక్కోదాని వయసుని బట్టి ఇప్పుడు ఎలా ఉండొచ్చో ముందు అంచనా వేస్తుంది, తర్వాత మనిషి వెళ్లి చూసొచ్చి చెప్పినదాన్ని బట్టి ఆ అంచనాని సరిచేసుకుంటుంది. అన్నిటినీ ఒకే షెడ్యూల్‌లో చూడాల్సిన పని లేదు, ఆపరేషన్ థియేటర్ ఏసీని తరచుగా చూడాలి, గోడౌన్ గోడని ఎప్పుడో ఓసారి చూసినా చాలు. కానీ ఇన్‌స్పెక్షన్ ఆగిపోతే సిస్టమ్ మాత్రం ఆగదు, వయసు మీద అంచనాలు వేస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద నంబర్ చూస్తే అది కొలిచిందా ఊహించిందా అని తేడా కనిపించదు. ఆ నంబర్ పక్కనే చివరిసారి ఎప్పుడు కళ్లతో చూశారో ఆ తేదీ కూడా కనపడాలని నా గట్టి అభిప్రాయం.

2018 అక్టోబర్ 10న మైకేల్ తుఫాను ఫ్లోరిడాలో టిండాల్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌ని నేలమట్టం చేసినంత పని చేసింది. తిరిగి కట్టేటప్పుడు బేస్ మొత్తానికీ ఒక డిజిటల్ ట్విన్ తయారుచేయడం మొదలుపెట్టారు, అంటే బిల్డింగులు, పైపులు, కేబుళ్లు అన్నీ ఉన్న 3డీ మోడల్. ఇంకో తుఫాను ఇంత ఎత్తు నీళ్లు తెస్తే ఏది మునుగుతుందో ముందే నడిపి చూడొచ్చు.

అయితే ఇంత వివరంగా అన్నీ ఒకచోట పెట్టడమే ఇంకో ప్రమాదం. కరెంటు మీటర్ రీడింగ్ ఒక్కటే చూస్తే ఏం తెలియదు, కానీ ఏ బిల్డింగ్‌లో రాత్రిపూట వాడకం ఎప్పుడు పెరిగింది, ఏ బ్యారక్స్‌లో నీళ్ల వాడకం ఒక్కసారిగా పడిపోయింది అనేవి కలిపి చూస్తే దళం కదిలిందని బయటివాళ్లకి అర్థమైపోతుంది. స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ 2017 నవంబర్‌లో జనం పరిగెత్తిన దారులన్నీ కలిపి ఒక మ్యాప్ రిలీజ్ చేస్తే, చీకటిగా ఉండాల్సిన ఎడారి ప్రాంతాల్లో బేస్‌ల ఆకారాలు మెరుస్తూ కనిపించాయని 2018 జనవరిలో బయటపడింది, ఆ ఆగస్టులోనే ఆపరేషన్లు జరిగే చోట్ల లొకేషన్ ఫీచర్లు వాడొద్దని పెంటగాన్ ఆపేసింది. అక్కడ ఎవరూ ఏ రహస్యాన్నీ దొంగిలించలేదు, మామూలు డేటా కుప్పగా చేరిందంతే.

దానికి తోడు ఏసీలు, పంపులు, సబ్‌స్టేషన్లు నడిపే కంట్రోలర్లు ఒకసారి బిగిస్తే చాలా ఏళ్లు అలాగే ఉంటాయి, ఆఫీసు కంప్యూటర్లలాగా తరచూ మార్చరు, చాలావాటిని ఇంటర్నెట్ దాడుల గురించి ఎవరూ ఆలోచించని రోజుల్లోనే డిజైన్ చేశారు. అందుకే వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి విడిగా ఉంచుతారు, ఎవరి పనికి ఎంత అవసరమో అంతే కనిపించేలా పర్మిషన్లు ఇస్తారు, పంపు రిపేర్ చేసే కాంట్రాక్టర్‌కి ఆ పంపు చాలు, బేస్ మ్యాప్ మొత్తం అక్కర్లేదు. సెంట్రల్ సర్వర్ పడిపోయినా నీళ్ల ప్లాంట్ తన లోకల్ కంట్రోలర్‌తో నడుస్తూనే ఉండాలి, అదీ పోతే వాల్వుల్ని చేత్తో తిప్పి నడపగలిగే ఆపరేటర్లు ప్రతి షిఫ్టులో ఉండాలి, ఏ వాల్వ్ ఎక్కడుందో చూపించే తాజా డ్రాయింగ్ ప్లాంట్‌లోనే కాగితం మీద కూడా ఉండాలి.